వనపర్తి గ్రహణమునుండి కన్యారాశి గుచ్ఛములవఱకు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ, మంగళవారము. ఉదయము తొమ్మిది గంటలు కావచ్చుచుండగా వనపర్తిలో పట్టపగలు చీకటి పడెను. అది సంపూర్ణ సూర్యగ్రహణము. చంద్రుని నీడ పడమటి సముద్రమునుండి కొంకణ తీరమున నేలనెక్కి, బిజాపురము మీదుగా వచ్చి, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డను కప్పి, అటుపై గుంటూరు మచిలీపట్టణములను దాటి తూర్పు సముద్రమున దిగిపోయెను. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు మూడును ఆ నీడదారిలోనే యుండినవి. చీకటి ఐదు నిమిషములకు పైగా నిలిచెను. సంపూర్ణ గ్రహణములలో నింతసేపు నిలుచునవి అరుదు.

ఆనాడు మదరాసు వేధశాలవారు రెండు జట్లుగా బయలుదేరిరి. వేధశాలాధిపతియగు నార్మన్ పాగ్‌సన్ దొర మచిలీపట్టణమునకు పోయెను. రెండవ జట్టు నైజాము రాజ్యములోని వనపర్తికి వచ్చెను. దానికి పెద్ద దొర కాడు, మనవాడే. ఆ వేధశాలలో ప్రథమ సహాయకుడుగా నుండిన చింతామణి రఘునాథాచార్యులు. అప్పటికి ఈ సీమకు రైలు లేదు. గాజు కటకములను, గడియారములను బండ్లమీద కుదుపులనోర్చి తేవలసిన రోజులు. అందులో వానకాలము.

శ్రోతలారా, గ్రహణములు మన దేశమునకు క్రొత్తవి కావు. సిద్ధాంతులు వాటి వేళలను ఘడియ విఘడియలతో ముందుగా గణించి చెప్పుచునే యుండిరి. 1868 గ్రహణమునకు ప్రత్యేకత వేరొకటి కలదు. పూర్వము జ్యోతిశ్శాస్త్రము గ్రహము ఎక్కడ నున్నది, ఎప్పుడు ఎక్కడికి పోవును అనుదానినే విచారించెడిది. అది దేనితో చేయబడినది అని అడుగుటకు సాధనము లేకుండెను. 1835లో ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త ఆగస్టు కోంతు, నక్షత్రముల రసాయన స్వభావము మానవునకెన్నటికిని తెలియరాదని నిశ్చయముగా వ్రాసెను. ఆ మాట వ్రాసిన ముప్పదిమూడేండ్లకు, మన తెలుగునేలమీద, సంపూర్ణ గ్రహణ సూర్యునివైపునకు వర్ణదర్శిని యను యంత్రము తొలిసారిగా త్రిప్పబడెను. ఆ యంత్రమే నేడు ఐదుకోట్ల జ్యోతిర్వర్షముల దూరమునందలి తారాగుచ్ఛముల వయస్సును చెప్పుచున్నది. ఈ రెంటికి నడుమనున్న దారిని కొంత వివరించుట నా యుద్దేశము.

వర్ణదర్శినిని గూర్చి రెండు మాటలు. సన్నని చీలికగుండ వెలుతురును పంపి, దానిని గాజు పట్టకముద్వారా విడదీసినచో, ఇంద్రధనుస్సువంటి రంగుల పట్టీ యేర్పడును. అదియే వర్ణపటము. గద్వాల చీర యెఱిగినవారికి ఇది సులభముగా బోధపడును. ఆ చీర యంచు పట్టును దగ్గఱగా పరికించినపుడు ఒకే రంగని తోచినచోట వేఱు రంగు పోగు సన్నగా పోవుచుండుట కనబడును గదా. సూర్యుని వర్ణపటమునందును అట్లే వందలకొలది నల్లని పోగులు అడ్డముగా కనబడును. జర్మనీదేశీయుడైన ఫ్రౌన్‌హోఫర్ 1814లో వాటిని జాగ్రత్తగా లెక్కించి, ముఖ్యమైనవాటికి అక్షరములతో పేర్లు పెట్టెను. అవి యేమో ఆయనకు తెలియదు. 1859లో కిర్కాఫ్, బున్‌సెన్ అను నిద్దఱు ఆ ముడి విప్పిరి. ప్రతి మూలపదార్థమును మండినపుడు తనకే చెల్లిన రేఖలను చూపును. చల్లని ఆవిరిగా నడ్డమువచ్చినపుడు అదే చోటున వెలుతురును మ్రింగి నల్లని రేఖలను మిగుల్చును. ఇనుపరేఖలు ఇనుమునకే, సోడియమురేఖలు సోడియమునకే. వేలిముద్రవంటి ఈ గుర్తుతో సూర్యునిలో నేమున్నదో చెప్పవచ్చును.

గ్రహణసమయమున సూర్యబింబపు టంచున ఎఱ్ఱని మంటలు నాలుకలు చాచినట్లు కనబడును. అవి సూర్యునివా, చంద్రునివా, లేక కంటిభ్రమయా యని తొలుత తగవుండెను. 1860 గ్రహణమున తీసిన ఛాయాచిత్రములతో అవి సూర్యునివేయని తేలినది. కాని అవి యేమి పదార్థమో తేలలేదు. దానికొఱకే 1868లో ఇంతమంది మన దేశమునకు వచ్చిరి. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్‌సెన్ ఒక ఫ్రెంచి వర్తకుని మేడపై యంత్రములు నిలిపెను. అదే ఊరిలో మేజర్ టెన్నంట్ దొర ఆంగ్ల ప్రభుత్వపు జట్టుతో నుండెను. జమఖండిలో లెఫ్టినెంట్ హెర్షెల్ ఉండెను. చీకటిపడగానే ఆ జ్వాలలవైపు వర్ణదర్శినిని త్రిప్పినవారికి నల్లని రేఖలకు బదులు మెఱయు రేఖలు కనబడెను. అనగా అవి మండుచున్న వాయువులు. వాటిలో ప్రధానమైనది ఉదజని.

ఆ మెఱుపురేఖల తీక్ష్ణత చూచి జాన్‌సెనునకు అక్కడికక్కడనే ఒక యాలోచన తట్టెను. ఇంత ప్రకాశముగానున్న రేఖలను చూచుటకు గ్రహణమెందుకు? మఱునాడు ఆగస్టు 19వ తేదీని, మామూలు ఎండలో, సూర్యుని యంచుమీద చీలికనుంచి చూచెను. రేఖలు కనబడెను. అంతవఱకు ఏండ్లకొకమాఱు నాలుగైదు నిమిషములు దొరకు దర్శనము గుంటూరులో నిత్యదర్శనమైనది. ఇంగ్లండులో లాకియర్ అను నాతడు ఈ సంగతి యెఱుగకయే అక్టోబరులో అదే పని చేసెను. ఇద్దఱి యుత్తరములును ఒకేమాఱు పారిసు శాస్త్రపరిషత్తునకు చేరినవి. ఇద్దఱి ముఖములను ఒకే పతకముమీద అచ్చొత్తించి ఫ్రెంచి ప్రభుత్వము ఆ తగవును మర్యాదగా తీర్చినది.

హీలియము గుంటూరులో కనుగొనబడినదని మనము గర్వముగా చెప్పుకొనుచుందుము. దీనిని కొంచెము సవరించుకొనుట మంచిది. ఆ జ్వాలలలో పసుపుపచ్చని రేఖ యొకటి కనబడిన మాట నిజము. అది సోడియము రేఖయే యని పలువురు తలచిరి. మచిలీపట్టణములో పాగ్‌సన్ దొరకు మాత్రము అది సోడియము చోట సరిగా లేదని తోచెను. అది భూమిమీద నెఱుగని క్రొత్తపదార్థము కావచ్చునను మాట తరువాత లాకియర్‌వలన వచ్చినది. గ్రీకుభాషలో సూర్యునకుగల పేరునుబట్టి దానిని హీలియమనిరి. 1895లో రామ్‌జే దొర ఒక ఖనిజమునుండి ఆ వాయువును వెలికితీసి చూపువఱకు చాలమంది రసాయనజ్ఞులు నమ్మలేదు. కావున గుంటూరుకొక పాలు, బందరుకొక పాలు, లండనుకొక పాలు. మన పాలు తక్కువదేమియు కాదు. లేని పాలు కలుపుకొననక్కఱలేదు.

ఇట్టి గాథకు మఱొక హెచ్చరిక కూడ కలదు. మఱుసటి సంవత్సరము, 1869లో, అమెరికాలో కనబడిన గ్రహణమున సూర్యుని కిరీటకాంతిలో ఆకుపచ్చని రేఖయొకటి దొరకెను. ఇదియు క్రొత్తపదార్థమే యని 'కరోనియము' అను పేరు పెట్టిరి. డెబ్బదియేండ్లు అది గ్రంథములలో జీవించినది. తుదకు 1940 ప్రాంతమున గ్రోట్రియన్, ఎడ్లెన్ అనువారలు అది ఇనుమేయని నిరూపించిరి. పది లక్షల డిగ్రీల వేడిమిలో పదమూడు ఎలక్ట్రానులను పోగొట్టుకొని గుర్తుపట్టరాకున్న ఇనుము. రేఖను చూచుట ఒక విద్య, చదువుట మఱొక విద్య.

రఘునాథాచార్యులవారిని గూర్చి మరల ఒక మాట. ఆయన పంచాంగకర్తల వంశమున పుట్టినవాడు. 1867లో ఒక నక్షత్రపు వెలుగు హెచ్చుతగ్గులగుచుండుటను కనిపెట్టెను. నేటికిని పట్టికలలో అది ఆర్ రెటిక్యులీ అను పేర నున్నది. 1872లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయ్యెను. కంటితో చూచిన ఆకాశమునకును పంచాంగమునకును పొంతన కుదరవలెనని దృగ్గణిత పంచాంగమును ప్రచురించెను. 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటిపోవుటను గూర్చి సామాన్యులకు తెలియునట్లు దేశభాషలలో చిన్న పుస్తకము వెలువరించెను. 1880లో కాలధర్మము నొందెను. వనపర్తిలో ఆయన పేర వీధి యొకటియైనను నేనెఱుగను.

ఇక సూర్యుని విడిచి నక్షత్రములకు పోవుదము. 1864లో ఇంగ్లండులో హగ్గిన్సు ఒక నీహారికపై వర్ణదర్శినిని త్రిప్పి, అది నక్షత్రముల గుంపు కాదు, వాయువే యని చెప్పెను. మన గ్రహణము పట్టిన 1868లోనే ఆయన ఆ యంత్రముతో మఱొక పని తలపెట్టెను. గద్వాల స్టేషనులో నిలుచుండి వినుడు: కూత వేయుచు వచ్చు రైలుబండి మనలను దాటిపోవగానే ఆ కూత శ్రుతి దిగిపోవును. కాంతియు నంతే. మనవైపు వచ్చు నక్షత్రపు రేఖలు ఊదావైపునకును, దూరమగుదానివి ఎఱుపువైపునకును కొంచెము జరుగును. ఆ జరుగుబాటును కొలిచినచో వేగము తెలియును. మృగవ్యాధుడను సిరియస్ నక్షత్రమునకు హగ్గిన్సు చెప్పిన వేగము తప్పుగా తేలినది. త్రోవ మాత్రము తప్పు కాలేదు. 1912లో అమెరికాలో స్లైఫర్ ఆ త్రోవనే పోయి ఆంధ్రమెడా నీహారిక వేగమును సరిగా కొలిచెను.

ఈ కాలమున మనవారు చేసిన పని మౌనముగా జరిగినది. 1901లో హైదరాబాదున నవాబు జఫర్ జంగు స్వంత ధనముతో వేధశాల నెలకొల్పెను. అదే నిజామియా వేధశాల. ప్రపంచపు వేధశాలలు పెక్కు ఆకాశమును పంచుకొని పటము తీయ సంకల్పించినపుడు ఒక పట్టీ మన హైదరాబాదు వాటాకు వచ్చెను. టి. పి. భాస్కరన్ మొదలైనవారు దశాబ్దములకొలది గాజు ఫలకములపై నక్షత్రముల స్థానములను ఒక్కొక్కటిగా కొలిచిరి. 7 లక్షలకు మించిన నక్షత్రములు పట్టికకెక్కినవి. అది కీర్తి తెచ్చు పని కాదు, కన్నులు పోవు పని. ఆ వేధశాలలో పనిచేసిన ఒక సహాయకుని కుమారుడు వేణు బప్పు ఆ యంత్రముల నడుమ పెరిగి, 1957లో విల్సన్ అను నాతనితో కలసి, నక్షత్రపు వర్ణపటములో కాల్షియమురేఖ వెడల్పునుబట్టి దాని నిజమైన తేజస్సును చెప్పవచ్చునని కనుగొనెను.

హైదరాబాదు వాటాకు వచ్చిన పట్టీలో వృశ్చికరాశియందు ఎమ్80 అను మసక చుక్క యొకటి కలదు. చుక్కవలెనున్నను అది చుక్క కాదు, గోళాకార తారాగుచ్ఛము. లక్షలకొలది నక్షత్రములు తేనెపట్టువలె ఒకచోట క్రిక్కిరిసి, ఒకదానినొకటి గురుత్వాకర్షణచే పట్టుకొని యుండును. మన పాలపుంత చుట్టును ఇట్టివి 150కి పైగా కలవు. వీటినిబట్టియే 1918లో షాప్లీ, సూర్యుడు పాలపుంతకు నడిబొడ్డున లేడనియు, ఒక మూలనున్నాడనియు చూపెను. వీటిలో నన్నిటికంటె పెద్దది దక్షిణపు దిక్కున నున్న ఒమెగా సెంటారి. ఐరోపావారిలో చాలమందికి అది కనబడదు. మనకు వైశాఖ జ్యేష్ఠములందు రాత్రి తొమ్మిది గంటలకు దక్షిణమున కొంచెము మీదుగా, దీపపు వెలుగులు లేనిచోట, మసకబారిన నక్షత్రమువలె కంటికే కనబడును. నడిగడ్డ పొలములలో రాత్రి నీరు కట్టువారెందఱో దానిని చూచియే యుందురు.

ఈ గుచ్ఛములు మిక్కిలి ప్రాతవి. విశ్వమునకు వయస్సు సుమారు 1380 కోట్ల యేండ్లు కాగా, వీటిలో పెక్కింటికి 1000 కోట్లకు మించిన వయస్సున్నది. వాటిలోని నక్షత్రములు పుట్టినపుడు విశ్వమున ఇనుము మెగ్నీషియములవంటివి బహుస్వల్పము. ఉదజని హీలియములు మొదటినుండియు నున్నవి. తక్కినవి నక్షత్రముల పొట్టలలో వండబడి, అవి పగిలినపుడు వెలికి చిమ్మబడినవి. కావున ఇనుపరేఖలెంత సన్ననో చూచి గుచ్ఛమెంత పూర్వకాలపు పదార్థముతో నేర్పడినదో చెప్పవచ్చును. పాలపుంత ఒక్కటే గాదు. ఇతర గెలాక్సీల చుట్టును ఇవి కలవు. అన్నిటికంటె విస్తారముగా కలిగియున్నవి దీర్ఘవృత్తాకారపు మహా గెలాక్సీలు.

కన్యారాశిలో ఎమ్87 అనునది అట్టిది. 1781లో మెస్సియే దానిని మసకమచ్చగా పట్టికలో వ్రాసికొనెను. దాని దూరము సుమారు 5.4 కోట్ల జ్యోతిర్వర్షములు. పాలపుంతవలె దానికి చుట్టుచేతులు లేవు, ధూళిపట్టీలు లేవు, క్రొత్త నక్షత్రముల పుట్టుక దాదాపు లేదు. ఒక గ్రుడ్డువంటి మసక వెలుగు. చూపునకు ఇంతకంటె నీరసమైన గెలాక్సీ యుండదు; దాని చరిత్రను చెప్పు ఆనవాలు పైకి సులభముగా కనబడదు. కాని దానిచుట్టు పదివేలకు మించిన తారాగుచ్ఛములు ముసరియున్నవి. చరిత్ర వాటియందున్నది.

దానిని చదువుట యెట్లు? ఆ దూరమున గుచ్ఛములోని నక్షత్రములు విడిగా కనబడవు. లక్షల సూర్యుల వెలుగు కలసి ఒకే చుక్క. ఆ చుక్కయు మన కంటికి కనబడు మసక నక్షత్రముకంటె కొన్ని లక్షల రెట్లు మసక. రంగునుబట్టి చూచినచో ఈ గుచ్ఛములు రెండు తెగలు: కొన్ని ఎఱుపుపాలు హెచ్చినవి, కొన్ని నీలిపాలు హెచ్చినవి. కాని రంగు మోసగించును. ముసలి గుచ్ఛము ఎఱ్ఱగానుండును. వయస్సు తక్కువదైనను లోహములు హెచ్చుగానున్న గుచ్ఛమును ఎఱ్ఱగానుండును. ఏది వయస్సు, ఏది లోహము అని రంగు చెప్పలేదు. వర్ణపటము చెప్పును. ఉదజని రేఖ ముఖ్యముగా వయస్సుతో మారును. మెగ్నీషియము, ఇనుముల రేఖలు ముఖ్యముగా లోహముతో మారును. ఈ రెంటిని ప్రక్కప్రక్కనుంచి చదివినచో ముడి చాలవఱకు విడును.

ఇంత మసక వెలుగును రంగులుగా విడదీయుట కష్టము. ఉన్న కాస్త వెలుగును వేయి ముక్కలుగా పంచినట్లగును. అందుచే హవాయి ద్వీపపు కొండమీద 10 మీటర్ల అద్దముగల కెక్ దూరదర్శిని వచ్చువఱకు ఈ పని పెద్దయెత్తున సాగలేదు. అక్కడ వారు చేసిన యుపాయము సులభమైనది. ఒక లోహపు రేకుమీద, ఆకాశమున గుచ్ఛములు ఎక్కడెక్కడ నుండునో సరిగా అక్కడక్కడ, సన్నని చీలికలు కోయుదురు. రేకును దూరదర్శిని నాభియందుంచినపుడు ఒక్కొక్క చీలికగుండ ఒక్కొక్క గుచ్ఛపు వెలుగు మాత్రము దిగి వర్ణపటముగా పఱచుకొనును. తక్కిన యాకాశమంతయు మూసివేయబడును. ఇట్లు పదులకొలది గుచ్ఛములను ఒకేమాఱు చదువవచ్చును. 1997లో జూడిత్ కోహెన్, ఆంటన్ రిజోవ్ అనువారలు ఎమ్87 గుచ్ఛములు 205టి వేగములను ఈ విధముగా ప్రకటించిరి.

చీలిక అనగానే నాకు 1980 ఫిబ్రవరి 16 జ్ఞప్తికి వచ్చును. ఆ దినము శనివారము, మాఘ బహుళ అమావాస్య. నూటపండ్రెండేండ్ల తరువాత మరల సంపూర్ణ గ్రహణపు నీడ గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలుల మీదుగా పోయెను. నాకప్పుడు తొమ్మిదేండ్లు, వనపర్తిలో నుంటిమి. మధ్యాహ్నముననే తలుపులు వేసిరి. ఊరగాయ జాడీలమీద, నీళ్ల బిందెలమీద గరిక వేసిరి. మా చిన్నమ్మ గర్భవతి. ఆమెను కదలవద్దని లోపలి గదిలో పరుండబెట్టిరి. మేము పిల్లలము పడమటి గదిలో గోడకానుకొని కూర్చుంటిమి. కిటికీ రెక్కలో పురుగు తొలిచిన రంధ్రమొకటి యుండెను. దానిగుండ ఎండ వచ్చి ఎదుటిగోడమీద రూపాయబిళ్లయంత గుండ్రని వెలుగు పడుచుండెను. ఆ బిళ్ల ఒక వైపునుండి తఱుగ నారంభించెను. మొదట కొఱికిన అప్పచ్చివలె, తరువాత కొడవలివలె, తుదకు వెండ్రుకవలె నయ్యెను. మూడుముప్పావు గంటల ప్రాంతమున ఆరిపోయెను. వీధిలో పక్షులు గోలచేసెను, పిమ్మట నూరకుండెను. రెండున్నర నిమిషముల చీకటి. ఎవరును మాటలాడలేదు. తరువాత గోడమీద వెండ్రుక మరల పుట్టెను, ఈమాఱు రెండవ ప్రక్కను.

అదే సమయమున, మాకు ముప్పది కిలోమీటర్లయినను లేని పాలెము గ్రామమున అమెరికాదేశపు శాస్త్రజ్ఞులు గుడారములు వేసికొని, ఆ కొద్ది నిమిషములకై సముద్రములు దాటి తెచ్చిన కెమేరాతో సూర్యకిరీటమును చిత్రించుచుండిరి. నడుమ వెలుగును తగ్గించి అంచుల వెలుగును నిలుపు ప్రత్యేకమైన గాజుపలక ఆ కెమేరాలో నుండెను. ఆ చిత్రము శాస్త్రగ్రంథములకెక్కి, 'పాలెము, ఇండియా' అను పేరును లోకమంతట త్రిప్పినది. ఆ పేరు నేను మొదట చదివినది పెద్దవాడనై, దూరపు టూరి గ్రంథాలయములో, ఒక ఆంగ్లపుస్తకమునందు. చిత్రమును చాలసేపు చూచితిని. తలుపులు వేసినవారిని నేను నిందింపను; వారు గర్భిణిని కాపాడుచుంటిమనుకొనిరి, ఎండను నేరుగా చూచిన కన్నులు పాడగుననుటయు నిజమే. అయినను 1868లో రఘునాథాచార్యులవారు గుడారము వేసిన ఊరిలో, 1980లో ఆ ఆకాశమును మాకు చూపువారొకరును లేకపోయిరి. పురుగు తొలిచిన రంధ్రమే మాకు చీలిక, గోడయే మాకు ఫలకము.

ఎమ్87 కు తిరిగి పోవుదము. ఆ గుచ్ఛముల వేగములు కొలువగా తేలినదేమన, గెలాక్సీ నడుమనుండి వెలుపలికి పోవుకొలది వెలుగు తఱిగిపోవుచున్నను గుచ్ఛముల పరుగు తగ్గుట లేదు. అంత వేగముగా తిరుగువానిని పట్టి యుంచుటకు అంత బరువు కావలెను. కనబడు నక్షత్రముల బరువు చాలదు. కనబడని పదార్థము ఆ గెలాక్సీ చుట్టును బహుదూరము వ్యాపించియున్నదని ఈ గుచ్ఛములే సాక్ష్యము చెప్పినవి. అది యేమి పదార్థమో నేటికిని తెలియదు. ఆకుపచ్చని రేఖకు కరోనియమని పేరుపెట్టినవారిని తలచుకొని, పేరుపెట్టిన మాత్రమున తెలిసినదనుకొనకుండుట మేలు.

లోహములు హెచ్చుగానున్న ఎఱ్ఱగుచ్ఛములు నడిమికి దగ్గఱగా గుమిగూడియుండును. లోహములు తక్కువైన నీలిగుచ్ఛములు దూరదూరముగా చెదరియుండును. ఎఱ్ఱవి ఆ గెలాక్సీతోపాటు పుట్టినవనియు, నీలివానిలో పెక్కు చిన్నచిన్న గెలాక్సీలలో పుట్టి, అవి పెద్దదానిలో కలసిపోయినపుడు దీని సొత్తయినవనియు నేటి శాస్త్రజ్ఞులు చాలమంది తలచుచున్నారు. మన సీమవారికి ఇది వింత కాదు. గద్వాల, వనపర్తి సంస్థానములు పెద్ద రాజ్యమున కలసి పేరు మాసినవి. గద్వాల కోటగోడ నిలిచియున్నది, వనపర్తి రాజభవనములో పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. పోయిన రాజ్యమును గోడ చెప్పినట్లు, కరగిపోయిన గెలాక్సీని గుచ్ఛము చెప్పును. నక్షత్రములు చెదరి కలసిపోవును గాని, బిగువుగా కట్టుకొన్న గుచ్ఛము తేలికగా విడదు.

అన్నియు ఈ చట్రములో నిముడునని కాదు. 2014లో కన్యారాశి గుచ్ఛములను వందలకొలది చదువుచుండిన అమెరికా శాస్త్రజ్ఞులకు ఒక వర్ణపటము వింతగా కనబడెను. ఎమ్87 మననుండి సెకనుకు సుమారు 1300 కిలోమీటర్ల వేగముతో దూరమగుచున్నది; దాని గుచ్ఛములును కొంచెమించుమించుగా అంతే. ఈ యొక్కటి మాత్రము సెకనుకు 1000 కిలోమీటర్లకు మించిన వేగముతో మనవైపునకు వచ్చుచున్నది. రేఖలన్నియు ఊదావైపునకు జరిగియున్నవి. లక్షల నక్షత్రముల గుచ్ఛమును ఒక్కుమ్మడిగా ఒడిసెల రాయివలె విసరినదేది? ఎమ్87 నడుమ 650 కోట్ల సూర్యుల బరువుగల కృష్ణబిలమొకటి యున్నది. దాని నీడచిత్రము 2019లో పత్రికలలో మీరును చూచియుందురు. పూర్వము అక్కడ రెండు కృష్ణబిలములుండెననియు, వాటి నడుమ చిక్కిన గుచ్ఛము ఇట్లు విసరబడెననియు ఒక ఊహ. అది మనలను చేరదు. ఆ వేగముతోనైనను, తిన్నగా మనవైపే వచ్చినను, 1500 కోట్ల యేండ్లు పట్టును.

ఎమ్87ను చూడగోరువారికి త్రోవ చెప్పెదను. వైశాఖమాసమున అమావాస్య దగ్గఱి రాత్రి, తొమ్మిది గంటలకు, ఊరి దీపములు దాటి పొలములోనికి పొండు. నడినెత్తి ప్రాంతమున, కొంచెము పడమటగా, సింహరాశి తోకయగు ఉత్తరఫల్గుణి నక్షత్రముండును. దక్షిణమున హస్త ఐదు చుక్కలు, దాని ప్రక్కన తెల్లగా చిత్త కనబడును. ఉత్తరఫల్గుణికి తూర్పున, చిత్తకు ఉత్తరముగా, కన్యారాశిలోని మఱొక మధ్యమ నక్షత్రమున్నది. ఉత్తరఫల్గుణినుండి ఆ నక్షత్రమునకు గీత గీసినచో దాని నడుమ ఎమ్87 ఉండును. కంటికి కనబడదు. నాలుగంగుళముల దూరదర్శిని చాలును; బూదివంటి చిన్న మసకమచ్చ కనబడును. గుచ్ఛములు అందులో కనబడవు. తల దించి దక్షిణమున దిగంతమువైపు చూచినచో ఒమెగా సెంటారి మాత్రము కనబడును. ఎమ్87 చుట్టునున్న పదివేలును అట్టివే.